మూతపడిన గనుల చెంత వరద ముప్పు – కంప్యూటరు లెక్క

2021 జనవరి 21వ తేదీన వేల్సు దేశములోని స్క్యూవెన్ అను ఊరిలో కొన్ని వీధులు ఉన్నట్టుండి నీట మునిగినవి. అప్పుడు తుఫాను వానలు కురియుచున్న మాట నిజమే. కాని ఆ నీరు ఏరు పొంగి వచ్చినది కాదు. చెరువు తెగి వచ్చినదీ కాదు. ఆ ఊరి క్రింద ఎన్నడో మూతపడిన బొగ్గుగని కలదు. దానిలోని నీరు బయటకు పోవు దారి భూమి లోపల పూడుకొనిపోయినది. వెనుక చేరిన నీటి మట్టము పెరిగి పెరిగి, పాతగని బావి ఒకదానిని బ్రద్దలు కొట్టుకొని ఇండ్ల నడుమ పైకి తన్నుకొని వచ్చినది. సుమారు 80 మందిని ఇండ్లు ఖాళీ చేయించి తరలింపవలసి వచ్చెను. వరద అనగానే మనము ఏటివైపు చూతుము. అక్కడ వరద కాళ్ళ క్రిందినుండి వచ్చినది.

ఈ సంగతి మన రైతులకెందుకని కొందరు అనుకొనవచ్చును. గోదావరి లోయలో ఇల్లెందు వద్ద బొగ్గు త్రవ్వకము 1889లో మొదలైనది. నాటినుండి కొత్తగూడెము, మణుగూరు, రామగుండము, భూపాలపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లి ప్రాంతములలో ఎన్నో గనులు తెరువబడినవి, ఎన్నో మూతపడినవి. నెల్లూరు సీమలో గూడూరు, సైదాపురము పరిసరములలో అభ్రకము తీసి విడిచిన గోతులు ఉన్నవి. ఇక రాయి, కంకర తీసిన క్వారీ గుంటల మాట చెప్పనక్కరలేదు.

గని మూతపడిన నాడు త్రవ్వకము ఆగును గాని నీరు ఆగదు. గని నడచినంతకాలము పంపులు రాత్రింబగళ్ళు నీటిని తోడుచుండును. పంపు ఆగిన మరునాటినుండి భూగర్భజలము తన పాత మట్టమునకు ఎక్కుట ప్రారంభించును. ఇది కొన్ని నెలలలో ముగియవచ్చును, కొన్ని దశాబ్దములు పట్టవచ్చును. ఆ నీటి బలమెట్టిదో మన దేశము ఎరుగనిది కాదు. 1975 డిసెంబరు 27న ధనబాదు సమీపమున చాస్‌నాలా గనిలోనికి, నీటితో నిండియున్న పాతగని నుండి నీరు విరుచుకొనిపడి 375 మంది కార్మికులు మరణించిరి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు దూరి 17 మంది చనిపోయిరి. ఇవి గని లోపలి ప్రమాదములు. ఈ వ్యాసమున చెప్పదలచినది గని వెలుపలనున్న పొలముల సంగతి, ఇండ్ల సంగతి.

ఇట్టి తావులలో వరద ఎంత వచ్చును, ఎంత మేర వ్యాపించును, ఏ భూములు మునుగును అను విషయములను నేడు ఇంజనీర్లు కంప్యూటరుపై లెక్కగట్టుచున్నారు. ఆ లెక్క తుదకు ఒక పటముగా తయారగును. పటములో నీలిరంగు వేసిన భాగము ముంపు భూమి. ఆ నీలిగీత మీ పొలము గట్టుకు ఇవతల పడినదా, అవతల పడినదా అనుదానినిబట్టి కాల్వ ఎక్కడ త్రవ్వవలెను, కట్ట ఎక్కడ ఎత్తు చేయవలెను, ఎవరిని ముందుగా ఖాళీ చేయింపవలెను అను నిర్ణయములు జరుగును. కనుక ఆ గీత ఎట్లు పుట్టినదో రైతునకు, గ్రామోద్యోగికి తెలిసియుండుట అవసరము. యంత్రము గీచినది గనుక తప్పుండదని నమ్మరాదు. యంత్రము మాట మనకేల అని త్రోసివేయనూరాదు.

నీటి జమాఖర్చు

కంప్యూటరు చేయు పనిలో మొదటి భాగము పూర్వము కరణము వ్రాసిన జమాఖర్చు వంటిదే. వాన జమ. నేలలోనికి ఇంకినది, ఆవిరియైనది, వాగున పోయినది ఖర్చు. మిగిలినది గుంటలో నిలువ. ఈ లెక్కను కంప్యూటరు ప్రతి చిన్న ముక్క నేలకు, ప్రతి కొన్ని నిమిషములకు ఒకసారి వేయును. మనిషి ఏండ్లతరబడి వేయవలసిన కూడికలను అది గంటలలో ముగించును. దాని గొప్పతనము అంతవరకే.

వానలో ఎంత భాగము పారుదల అగునో కట్టుటకు అమెరికా భూసంరక్షణశాఖవారు 1950 దశాబ్దములో ఒక సులభమైన పద్ధతిని ఏర్పరచిరి. మన పరీవాహక ప్రాంత పథకములలోను దీనిని వాడుచున్నారు. నేల స్వభావమును, పైనున్న పైరును లేక చెట్లను, సేద్యపు తీరును చూచి ఆ నేలకు 100 లోపల ఒక అంకె ఇత్తురు. అంకె పెద్దదైనకొలది నీరు ఇంకుట తక్కువ, పారుట ఎక్కువ.

ఒక ఉదాహరణము చూతము. ఒక పాత ఓపెన్‌కాస్టు గుంట ఉన్నదనుకొందము. దానిలోనికి 300 ఎకరముల నేల నీరు దిగును. ఆ నేల చెట్టుచేమతో, మెట్టసేద్యముతో ఉన్నప్పుడు అంకె 75 అనుకొందము. ఒకనాడు 100 మిల్లీమీటర్ల వాన కురిసినచో అందులో సుమారు 41 మిల్లీమీటర్లు పారును. 300 ఎకరములపై అది దాదాపు 50 వేల ఘనపు మీటర్ల నీరగును. ఇప్పుడు అదే నేలపై చెట్లు పోయి, గనినుండి తీసిన మట్టి పరచుకొని, బండ్లు నడచి గట్టిపడి, అంకె 90కి చేరినదనుకొనుడు. వాన అదే, నేల విస్తీర్ణము అదే. కాని పారుదల 73 మిల్లీమీటర్లు, అనగా 88 వేల ఘనపు మీటర్లు అగును.

గుంట నీటి వైశాల్యము 10 ఎకరములు, నీటి మట్టమునకు గట్టుకు నడుమ ఖాళీ 2 మీటర్లు ఉన్నదనుకొందము. ఆ ఖాళీలో పట్టునది 81 వేల ఘనపు మీటర్లు. గుంటపై నేరుగా పడు వాన మరి 4 వేలు. మొదటి లెక్కలో 54 వేలు వచ్చి గుంట నీటిని దాచుకొనును. రెండవ లెక్కలో 92 వేలు వచ్చి 11 వేలు గట్టుపైనుండి పొర్లును. ఊరికి వరద వచ్చుట రాకపోవుట అను భేదము వానలో లేదు, పైనేల స్థితిలో ఉన్నది.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. అదే గుంటలో ముందు వానల నీరు చేరి ఖాళీ 2 మీటర్లకు బదులు 1 మీటరే మిగిలియున్నచో పట్టునది 40 వేలే. అప్పుడు మంచినేల ఉన్నను 54 వేలు వచ్చి పొర్లును. వానకాలము నడుమ గుంటలో నీరెంత ఉన్నదో కంప్యూటరుకు ఎవరు చెప్పవలెను? చాల తావులలో అట్టి కొలత ఏదియు లేదు. లేనప్పుడు ఇంజనీరు ఒక ఊహ వేసికొనును. ఆ ఊహపైననే పటము నిలుచును.

అతివృష్టి వచ్చినప్పుడు ఈ లెక్క మరొక రీతిగా మారును. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైనది. అంత వానకు అంకె 75 గల నేలలో 558 మిల్లీమీటర్లు, 90 గల నేలలో 617 మిల్లీమీటర్లు పారును. అనగా మంచినేల, చెడ్డనేల అను తేడా దాదాపు పోవును. చెట్లు నాటుట, గట్లు వేయుట నడితరపు వానలకు గొప్ప మేలు చేయును గాని, అట్టి కుంభవృష్టికి గుంట పొర్లుటకు సరియైన అలుగు, దానిక్రింద సరియైన కాల్వ ఉండవలసినదే.

నేల ఎత్తుపల్లములు

నీరు పల్లమెరుగు అను సామెత అందరెరిగినదే. కంప్యూటరుకు పల్లము మనము చెప్పవలెను. ఇందుకు నేల ఎత్తుల పటము కావలెను. సర్వే ఆఫ్ ఇండియావారి 50 వేలకు ఒకటి స్కేలు పటములలో సమోన్నత రేఖలు సాధారణముగా 20 మీటర్లకొకటి ఉండును. మూడు మీటర్ల కట్ట, ఐదు మీటర్ల గొయ్యి ఆ రేఖల నడుమ కానరాకుండ పోవును.

తరువాత ఆకాశమునుండి కొలుచు పద్ధతులు వచ్చినవి. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక ఒకటి 11 రోజులు తిరిగి భూమిపై చాల భాగమును రాడారుతో కొలిచినది. మన దేశము 2005లో ప్రయోగించిన కార్టోశాట్-1 ఉపగ్రహపు చిత్రములనుండి హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు దేశమంతటికి ఎత్తుల పటము తయారు చేసిరి. ఇవి ఎంతో ఉపకరించినవి. అయితే వీనిలో సాధారణముగా దొరకు పటములు 30 మీటర్ల చదరములవి. ఒక చదరము అనగా 900 చదరపు మీటర్లు, మన లెక్కకు 9 గుంటలు లేక 22 సెంట్లు. అంత చెక్కకు ఒకే ఎత్తు. ఆ చెక్కలోనుండి పోవు ఒర్రె, అడ్డముగానున్న బాట, బాట క్రింది తూము ఇవేవియు ఆ పటమునకు తెలియవు. ఎత్తులోను కొన్ని మీటర్ల తేడా రావచ్చును.

గనుల దగ్గర ఇంకొక చిక్కు కలదు. నేల ఇరువది ఏండ్ల క్రింద ఉన్నట్లు నేడుండదు. అప్పుడు చదునైన పొలమున్నచోట నేడు మట్టి కొండ నిలిచియుండును. దానిని మనవారు ఓబీ డంపు అందురు. అప్పుడు వాగు తూర్పుగా పోయినచో నేడు దానిని మలిపి ఉత్తరముగా పంపియుందురు. భూగర్భ గనిపైని నేల అక్కడక్కడ కుంగి, వానకాలమున నీరు నిలుచు మడుగులు ఏర్పడియుండును. పాత ఎత్తులు ఇచ్చి కొత్త వరద అడిగినచో కంప్యూటరు మారుమాటలేక సమాధానము చెప్పును. ఆ సమాధానము ఇప్పుడు లేని ఊరికి సంబంధించినదై యుండును.

ఈ లోపమును సవరించుటకు డ్రోనుతోగాని విమానముతోగాని లేసరు కిరణములు పంపి నేలను కొలుచు పద్ధతి కలదు. దానితో జానెడు తేడా లోపల ఎత్తు తెలియును. ఖర్చు ఎక్కువ కనుక అన్నిచోట్ల జరుగదు. జరుగనిచోట గ్రామస్థుల మాటయే ఆధారము.

వేగము, గరుకుదనము

నీరెంత, ఎటు అని తెలిసిన పిదప ఎంత లోతున, ఎంత వేగముగా పోవునో కట్టవలెను. మానింగ్ అను ఐరిష్ ఇంజనీరు 1889లో ప్రకటించిన సూత్రమునే నేటికిని కంప్యూటరులలో వాడుచున్నారు. కాల్వ వాలు, నీటి లోతు, కాల్వ అడుగు గరుకుదనము ఈ మూటినిబట్టి వేగము తెలియును. శుభ్రముగానున్న మట్టి వాగునకు గరుకుదనము 0.03 అని, లొట్టపీసు, తుంగ, సర్కారు తుమ్మ పెరిగిన వాగునకు 0.06 అని వేసినచో అదే లోతున వేగము సగమగును. వెడల్పైన వాగులో అంతే నీరు పోవలెనన్న లోతు ఒకటిన్నర రెట్లు పెరుగును. శుభ్రమైన వాగులో 1 మీటరు లోతున పోవు వరద పొదలు పెరిగిన వాగులో 1.5 మీటర్లు ఎక్కును. ఆ అరమీటరే గట్టు దాటి వరిమడిలోనికి వచ్చునది. వాగు బాగుచేయుట అను పాతమాటకు ఇంతటి లెక్క కలదు.

అమెరికా సైనిక ఇంజనీర్ల శాఖవారు కాలిఫోర్నియాలోని డేవిస్‌లో తయారుచేసిన హెచ్.ఇ.సి.-రాస్ అను కంప్యూటరు కార్యక్రమము ఈ పనికి లోకమంతట వాడుకలో ఉన్నది. దానిని ఎవరైనను ఉచితముగా తీసికొనవచ్చును. 2016నుండి అది నీరు వాగువెంటనే కాక నేలపై నలువైపుల వ్యాపించు తీరును కూడ చూపుచున్నది. చదునైన పొలములకు ఇది అవసరము.

గుంట గట్టుపైనుండి నీరు పొర్లుట ఒక ఎత్తు, గట్టే తెగుట మరొక ఎత్తు. గని మట్టితో పోసిన గట్టు చెరువుకట్ట వలె పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టినది కాదు, లారీలతో దొర్లించినది. పైనుండి పొర్లిన నీరు దానిని గంటలలో కోసివేయును. అప్పుడు పొర్లిన 11 వేల ఘనపు మీటర్లతో పోదు, వెనుకనున్న నిలువ అంతయు ఒక్కసారి దిగును. 1972 ఫిబ్రవరి 26న అమెరికాలోని పశ్చిమ వర్జీనియాలో బఫెలో క్రీకు అను లోయలో ఇట్లే జరిగినది. అది మూతపడిన గని కాదు, నడుచుచున్న గనియే. బొగ్గు కడిగిన నీటిని ఆపుటకు గని వ్యర్థముతోనే పోసిన కట్ట ఉదయము 8 గంటల వేళ తెగినది. సుమారు 50 కోట్ల లీటర్ల నీరు, అనగా పైన మనము చూచిన గుంట ఖాళీకి ఆరు రెట్లు, ఇరుకులోయలో పడి పోయినది. 125 మంది మరణించిరి. నాలుగు వేల మందికి పైగా నిలువనీడ లేనివారైరి.

కట్ట తెగినప్పుడు వచ్చు వరదను కట్టుటకు అమెరికా వాతావరణ శాఖలో 1970 దశాబ్దమున డ్యాంబ్రేక్ అను కంప్యూటరు పద్ధతి తయారైనది. ఆ పద్ధతి నిజమా కాదా అని పరీక్షించుటకు ఎంచుకొన్నవానిలో ఈ బఫెలో క్రీకు వరద ఒకటి. వరద తీసిన తరువాత లోయ పొడవున నీరెంతవరకు ఎక్కినదో కొలిచిన గుర్తులు ఉన్నవి. కంప్యూటరు చెప్పిన ఎత్తులను ఆ గుర్తులతో సరిపోల్చి చూచిరి. ఆ గుర్తులు కొలిచియుండనిచో లెక్క సరియైనదని చెప్పుటకు ఆధారమే లేకపోవును.

భూమి లోపలి గొలుసుకట్టు చెరువులు

స్క్యూవెన్‌లో వచ్చినట్టి వరదను పైన చెప్పిన లెక్కలు పట్టుకొనలేవు. అవి నేలపైని నీటికి ఏర్పడినవి. భూమి లోపలి నీటికి వేరు లెక్క కావలెను.

ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయమువారు 1990 దశాబ్దములో ఇందుకొక పద్ధతి కనిపెట్టిరి. దాని పేరు గ్రామ్. మన గ్రామమునకు దానికి సంబంధము లేదు గాని, అందలి ఆలోచన మాత్రము మన పల్లెటూరివాడు విన్నవెంటనే గ్రహింపదగినది. కాకతీయులనాటి గొలుసుకట్టు చెరువులను తలచుకొనుడు. పై చెరువు నిండి మత్తడి దుమికినచో ఆ నీరు క్రింది చెరువులోనికి వచ్చును; అది నిండి మరియొకదానిలోనికి పోవును. పాతగనులును అంతే. ఒక్కొక్క గని భూమి లోపల ఒక చెరువు. గనికి గనికి నడుమ విడిచిన బొగ్గు గోడ దాని కట్ట. ఆ గోడలో ఎప్పుడో తొలిచిన దారి దాని మత్తడి. ఒక గనిలో నీరు ఆ దారి మట్టమునకు ఎక్కువరకు ప్రక్క గనికి రాదు. ఎక్కిన తరువాత ఒక్కసారిగా వచ్చును. తుదకు అన్నిటిలో పల్లమునందున్న నోరు ఎక్కడ ఉన్నదో అక్కడ నీరు నేలపైకి తేలును. ఆ నోరు పాత బావి కావచ్చును, వాలుగా దిగిన ఇంక్లైను కావచ్చును, ఎవరి చేనిలోనో పూడ్చిన గాలిబావి కావచ్చును.

ఈ లెక్కకు రెండే ముఖ్యము: దారులెక్కడ, వాని మట్టములెంత. ఇవి గని పటములలో ఉండవలెను. పాత పటములు దొరకకపోయిన ఏమగునో అమెరికాలోని క్వీక్రీకు గనిలో తెలిసినది. 2002 జూలై 24 రాత్రి అక్కడ బొగ్గు త్రవ్వుచున్నవారు, తమ చేతనున్న పటము ప్రకారము ప్రక్కనున్న పాతగని ఇంకను దూరముననే ఉన్నదని నమ్మి గోడ పొడిచిరి. వెనుక నీరున్నది. తొమ్మండుగురు లోపల చిక్కిరి. ఒక పాడిరైతు పొలమున పైనుండి రంధ్రము తొలిచి 77 గంటల తరువాత అందరిని ప్రాణములతో పైకి తీసిరి. ఆ పాతగని తుది పటము తరువాత ఆ ప్రాంతపు మ్యూజియములో దొరికినది. పటము లోకములో లేక కాదు, కావలసినవారి చేతిలో లేక ప్రమాదము జరిగినది.

మన దేశమున నీటితో నిండిన పాతపనులకు 60 మీటర్ల లోపల త్రవ్వరాదని, త్రవ్వవలెనన్న ముందుగా అనుమతి పొందవలెనని బొగ్గుగనుల నిబంధనలు కలవు. గని మూసివేతకు ప్రణాళిక వ్రాయవలెనని 2009లో కేంద్ర బొగ్గు మంత్రిత్వశాఖ మార్గదర్శక సూత్రములు వెలువరించినది. అంతకు ఎన్నో ఏండ్ల ముందే విడిచిపెట్టిన గనులకు అట్టి ప్రణాళిక లేదు. అక్కడ ఏ గాలిబావి ఎవరి సర్వే నంబరులో ఉన్నదో చెప్పగలవారు నాడు బాయి పనికి పోయిన ముదుసలి కార్మికులు, ఆ చేను దున్నిన రైతులు మాత్రమే. వారు ఏటేట తగ్గిపోవుచున్నారు.

నూరేండ్లకొక వరద అను మాట

పటముల క్రింద ‘నూరేండ్లకొకసారి వచ్చు వరద’ అని వ్రాసియుండును. దీనిని చూచి నిరుడు వచ్చినది గనుక ఇక నూరేండ్లు భయము లేదని కొందరందురు. ఇది పొరపాటు. ఏ సంవత్సరమందైనను రాగల అవకాశము నూటికి ఒకటి అని మాత్రమే దాని అర్థము. అట్టి నేలలో ఒకడు 30 ఏండ్లు కాపురమున్నచో ఆ కాలములో అది ఒకసారియైనను వచ్చు అవకాశము నూటికి 26 పాళ్ళు. ఇల్లు కట్టువాడు, బోరు వేయువాడు ఈ అంకెను మనసున ఉంచుకొనవలెను.

గ్రామస్థులు అందించగలది

గోదావరి వంటి పెద్దనదికి కొలతలు కలవు. భద్రాచలము వద్ద 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది. అక్కడ 1986లో 75.6 అడుగులు, 2022 జూలై 16న 71.3 అడుగులు ఎక్కినదని అంకెలు ఉన్నవి. లెక్కను ఆ అంకెలతో సరిచూడవచ్చును. కాని ఊరి ప్రక్క చిన్న వాగునకు కొలబద్ద లేదు. 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామము మునిగి, జనము ఇండ్లపై కెక్కవలసి వచ్చెను. ఆ వరదను గనులకు అంటగట్టుట లేదు. చిన్నవాగు ఏమి చేయగలదో చెప్పుటకు ఉదాహరించుచున్నాను. అట్టి వాగుల విషయమున, గోడపై మిగిలిన నీటి మరకయే కొలత.

మరక వానలు వెలిసిన కొన్ని వారములకే చెరిగిపోవును. కనుక వరద తీసిన వారము లోపల బడిగోడ, గుడి మెట్టు, కరెంటు స్తంభము, పెద్దచెట్టు వీనిపై నీరెక్కిన ఎత్తున చెరగని రంగుతో అడ్డగీత గీచి, తేదీ, వీలైనచో గంట కూడ వ్రాయవలెను. నేడు ఊరూర సెల్‌ఫోను ఉన్నది. గీతను ఫోటో తీసినచో తావును, వేళను ఫోనే నమోదు చేయును. ఒకే గీత చాలదు. ఊరి ఎగువన, నడుమ, దిగువన మూడు నాలుగు గీతలున్నచో నీటి వాలు తెలియును. ఇంజనీరునకు అదియే కావలెను. నీరు ఎక్కినదే కాదు, ఎక్కడ ఎక్కలేదో చెప్పుటయు అంతే విలువైనది. ‘ఈ అరుగు తడియలేదు’ అను ఒక్కమాట పటములోని తప్పును పట్టిచ్చును.

గుంట నీటి మట్టము మాట ముందే చెప్పితిని. జూన్ మొదటినుండి అక్టోబరు వరకు వారమునకొకసారి ఖాళీ ఎన్ని అడుగులున్నదో పంచాయతీ పుస్తకమున వ్రాసినచో రెండు మూడేండ్లలో అది ఏ యంత్రమునకును దొరకని సమాచారమగును. అయితే ఇందుకై ఎవరును గుంట అంచుకు పోరాదు. గని గుంటల గట్లు నిలువుగా తెగి, లోపల నానియుండును. మనిషి బరువుకే జారును. దూరమునుండి కనబడునట్లు గట్టు రాతిపైగాని, పాతిన స్తంభముపైగాని ఎండకాలముననే గని సంస్థవారిచేతగాని, నీటిపారుదల శాఖవారిచేతగాని గీతలు వేయించుకొనవలెను. పశువులను, పిల్లలను అటు పోనీయరాదు.

వాగుపైని తూముల సంగతి గ్రామోద్యోగులు ప్రత్యేకముగా చూడవలెను. కంప్యూటరు పటములో తూము ఉన్నట్లు వ్రాసికొందురు గాని, అది ఓబీ మట్టితో సగము పూడినదని వ్రాసికొనరు. మీటరు గొట్టము సగము పూడినచో నీరు సగముకంటె తక్కువే పోవును. మిగిలినది బాట వెనుక నిలిచి ఎగువ పొలములను ముంచును. బాట ఎత్తు చేసినప్పుడెల్ల ఇది ఆలోచింపదగినది.

బావుల వంక కూడ ఒక చూపు ఉంచవలెను. పాతగనికి దగ్గరనున్న బావిలో వాన లేకయే నీరు ఏటేట పైకి వచ్చుచున్నచో సంతోషింపవలసినదే గాని, గని నిండుచున్నదనుటకు అది సూచన కావచ్చునని ఎరుగవలెను. చేనిలో కొత్తగా ఊట పుట్టినను, ఆ నీరు ఇనుప తుప్పు రంగుగా ఉండి కాల్వలో పచ్చని మడ్డి దిగుచున్నను వెంటనే వ్యవసాయ విస్తరణ అధికారికి తెలియజేయవలెను. ప్రతి గని నీరు చెడ్డది కాదు. చాలచోట్ల సేద్యమునకు వాడుచున్నారు. కాని పరీక్ష చేయింపనిదే పైరుకు పెట్టరాదు. సేద్యపు నీటికి ఉదజని సూచిక సాధారణముగా 6.5 నుండి 8.4 వరకు ఉండవలెను. వరద తెచ్చిన గని బురద మడిలో పేరుకొన్నచో దున్ని కలుపక ముందే మట్టిని పరీక్షకు పంపుడు. కలిపిన తరువాత తీసివేయుట ఎవరితరము కాదు.

ఇక పూడిన బావులు, గాలిబావులు, కుంగిన నేలలు. పంచాయతీ కార్యదర్శి ఒక పూట గ్రామసభలో పాత కార్మికులను కూర్చుండబెట్టి, గ్రామ పటముపై వారిచేత గుర్తులు పెట్టించుట మంచిది. ఒకరు చూపిన తావును మరొకరు కాదనవచ్చును, రెండును వ్రాసికొనవలెను. ఆ పటము నకళ్ళు తహశీలుదారునకు, గని కార్యాలయమునకు, నీటిపారుదల ఇంజనీరునకు ఇచ్చి రశీదు పుచ్చుకొనవలెను.

ముంపు పటము తయారై ఊరికి వచ్చినప్పుడు దానిని గోడకు అంటించి ఊరుకొనక, ఎండవేళ దానిని చేతబట్టి నలుగురు పొలము వెంట నడచి చూడవలెను. నేల ఎత్తులు ఏ సంవత్సరమున కొలిచినవి, ఎంత వానకు లెక్కగట్టినది, గుంటలో నీరెంత ఉన్నదని అనుకొన్నది, భూమి లోపలి నీటిని లెక్కలో చేర్చిరా లేదా అను నాలుగు సంగతులు పటము క్రింద వ్రాసియుండవలెను. వ్రాయనిచో తయారుచేసినవారిని అడుగవలెను.